అలక మేడ ముందు గుమ్మం

రాజులకు పని ఎక్కువై కట్టించారో తీరిక ఎక్కువై కట్టించారో గానీ, ఆ ఊళ్ళో ఒక్కో పనికి ఒక్కో మేడ ఉంది. పట్టం కట్టుకోవడానికి ఒకటి, పురుడు పోసుకోవడానికి ఒకటి, పోయినవాళ్ళ కోసం ఏడవడానికి ఒకటి, వేసవి మధ్యాహ్నాలు కునుకు తీయడానికి ఒకటి. ఇవన్నీ ఒక ఎత్తు, ఏటి ఒడ్డున ఉన్న చిన్న మేడ ఒక్కటీ ఒక ఎత్తు. అది అచ్చంగా అలగడానికి కట్టింది.

ఆ వంశంలో ఎవరో ఒక రాణిగారికి అలక వచ్చినప్పుడల్లా చేతికందిన గాజు సామాను నేలకేసి కొట్టే అలవాటు ఉండేదట. సామాను కొనడం కంటే మేడ కట్టడమే నయమని రాజుగారు కట్టించాడని కొందరంటారు. కాదు, ఆవిడే పట్టుబట్టి కట్టించుకుందని ఇంకొందరు. ఏదైతేనేం, మేడ లేచింది, దానికో పద్ధతి ఏర్పడింది. అలిగిన మనిషి లోపలికి వెళ్ళి గది గడియ వేసుకోవాలి. గడియలన్నీ లోపలివైపే, బయట తలుపు లాగడానికి పిడి కూడా ఉండదు. ఎవరి మీద అలిగారో ఆ మనిషి తన ఇంటి నుంచి నడిచి వచ్చి, తలుపు ముందున్న బల్ల మీద కూర్చుని బతిమాలుకోవాలి. రాజైనా సరే. పల్లకీ గేటు బయటే ఆగిపోవాలి.

ఎంతసేపు ఎదురుచూడాలి అన్నదానికి దీపమే కొలత. ప్రతి గది గోడకూ ఒక గూడు, అటు గదిలోకీ ఇటు నడవలోకీ వెలుగు పడేలా అందులో ఒక దీపం. నూనె నడవవైపు నుంచి కావలి మనిషి పోస్తుంది, ఒక్కసారే, నిండుగా. వత్తిని పెంచి తగ్గించే మీట మాత్రం గదివైపు ఉంటుంది. నూనె అయిపోయేలోగా ఎదుటి మనిషి వస్తే ఇద్దరూ కలిసి ముందు గుమ్మంలోంచి ఇంటికి వెళ్తారు. రాకపోతే వెనక గుమ్మం ఉంది. దాని మెట్లు దిగితే పడవల రేవు. వెనక గుమ్మం దాటిన మనిషిని మళ్ళీ ఎవరూ వెతకకూడదు, ఆ మనిషీ తిరిగి రాకూడదు. అక్కడితో బంధుత్వం తీరిపోయినట్టే. మిగతా విషయాల్లో ఎన్ని అబద్ధాలాడినా ఈ ఒక్క కట్టుబాటు దగ్గర ఊరు ఊరంతా మాట తప్పదు.

ఓడలు బళ్ళయ్యే రోజు ఆ రాజులకీ వచ్చింది. చివరి రాజు తాళాలన్నీ పురపాలక సంఘానికి అప్పజెప్పి, గడియారాలు బాగుచేసే కొట్టు పైన ఒక గదిలో కాపురం పెట్టాడు. పట్టాభిషేకం మేడ ధాన్యం మార్కెట్టు అయింది. పురిటి మేడ ఆసుపత్రి అయి తన పని తాను చేసుకుంటోంది. ఏడుపు మేడలో సంగీత పాఠశాల పెట్టారు, తమకు పెద్ద తేడా ఏమీ తెలియలేదని పక్కవీధి వాళ్ళంటారు. వేసవి మేడలో గాలి బాగా వస్తుందని సంఘం వాళ్ళు తమ ఆఫీసే పెట్టుకున్నారు. కాగితాలు ఎగిరిపోతున్నాయని ఆ తర్వాత కిటికీలన్నీ మూసేశారు. అలక మేడలో కూడా ఏదో పన్నుల ఆఫీసు నడపబోయారు గానీ, గుమాస్తాలు గడియలు వేసుకుని ఒక పట్టాన బయటికి రాలేదు. సంఘం తల పట్టుకుని, ఆ మేడను దాని పనికే వదిలేసి, ఊళ్ళో ఎవరైనా వచ్చి అలగవచ్చని చాటింపు వేయించింది.

జనం వచ్చారు. రాకేం చేస్తారు? కోపానిదేముంది, దారినపోయే వాడి మీద కూడా వస్తుంది. అలక అలా కాదు, మనవాళ్ళు అనుకున్నవాళ్ళ మీదే వస్తుంది. దానికొక చోటు ఉండటం ఎంత సుఖమో అది లేని ఊళ్ళవాళ్ళకు తెలియదు పాపం, వాళ్ళు వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసుకుంటూ బతుకుతారు.

ఆ మేడకు కావలి మనిషి గడియక్క. అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో. తండ్రి కావలి చేసేవాడు, ఆయన తర్వాత తాళంచెవుల గుత్తి ఆమె నడుముకు చేరింది. లోపల ఒక్క మనిషి అలిగి ఉన్నా కావలి మనిషి గేటు దాటకూడదని తండ్రి చెప్పిన మాట. లోపల ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. పెళ్ళిమాట వచ్చినప్పుడు కూడా ఉన్నారు. అలా యాభై దాటింది. గేటు పక్క గదే ఇల్లు, ఆ గేటే లోకం.

పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టలేం. వత్తి చూసి మనసు చెప్పేది. వత్తి పూర్తిగా పెంచి కూర్చున్నారంటే నూనె తొందరగా అయిపోవాలని, వెళ్ళిపోదామనే తెగింపు మీద ఉన్నారని. తగ్గించి కూర్చున్నారంటే పైకి ఎన్ని మాటలన్నా లోపల ఎదురుచూస్తున్నారని. వడ్రంగి భార్య వారం వారం అలిగి వచ్చేది, గడియ వేసుకోగానే వత్తి తగ్గించేది. వడ్రంగి గేటు దగ్గరికి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక నెత్తి గోక్కుంటూ నిలబడేవాడు. వచ్చాను అని చెప్పు చాలు, మిగతా మాటలు వాటంతట అవే వస్తాయి అని గడియక్క ధైర్యం చెప్పి పంపేది.

ఒక్క విషయంలో మాత్రం ఆమె గండ్రగొడ్డలి. తాము రాకుండా ఇంకొకరిని పంపేవాళ్ళంటే ఒళ్ళు మండేది. నౌకరు చేత పూలు పంపినా, తమ్ముడి చేత క్షమాపణ చెప్పించినా గేటు దగ్గరే తిప్పి పంపేసేది. "నొప్పించినప్పుడు నోరు ఆయనదేగా? ఇప్పుడు కాళ్ళు ఇంకొకరివి ఎందుకు?" అనేది. ఈ మాట ఊళ్ళో సామెతగా కూడా చెప్పుకునేవారు. చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు ఎప్పుడూ లోకువే కదా.

ఆమెకు తోడబుట్టినది ఒక చెల్లెలు. ఎగువ వీధిలో బట్టలు కుట్టే కొట్టు ఆమెది. భర్త పోయాక ఆ కొట్టు పెట్టుకుని, వెనక గదిలోనే ఉంటూ తన బతుకు తాను బతుకుతోంది. మంగళవారం మంగళవారం కొట్టు మూసేసి, అక్కకు ఏదో ఒకటి కుట్టి తెచ్చి, గేటు పక్క గదిలో మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్ళేది. నువ్వూ ఒకసారి రావే అక్కా అని పిలిచేది. రాకేం, వస్తాను, లోపలున్న వాళ్ళ సంగతి తేలనీ అని గడియక్క అనేది. కొట్టు తెరిచిన రోజునుంచీ ఆ వాళ్ళు తేలుతూనే ఉన్నారు.

ఆ ఏడు వానలకు చెల్లెలికి విషజ్వరం తగిలింది. మంగళవారాలు గడిచిపోతున్నా చెల్లెలు రాలేదు. కబురు తెలిసి గడియక్క తల్లడిల్లిన మాట నిజం. నోట ముద్ద దిగలేదు. కూరల బండివాడి చేత మందు పంపింది, చాకలావిడ చేత వేడి జావ పంపింది, ఎగువ వీధికి వెళ్ళే ప్రతి మనిషినీ ఆపి మా చెల్లెల్ని చూసి రండి అని బతిమాలింది. తాను మాత్రం వెళ్ళలేదు. లోపల ఇద్దరు అన్నదమ్ములు చెరో గదిలో అలిగి ఉన్నారు, ఎలా వెళ్తుంది? ఈ రోజో రేపో అనుకుంటుండగానే జ్వరం తగ్గిందని కబురు వచ్చింది. గండం గడిచిందని గడియక్క సంతోషపడింది.

ఆ వారంలోనే ఒక పొద్దున, మంగళవారం కాని రోజున, చెల్లెలు గేటు దగ్గరికి వచ్చింది. చంకలో బట్టల మూట, మెడలో కొలతల టేపు. గడియక్క ఎదురువెళ్ళి మూట అందుకోబోతే చెల్లెలు ఇవ్వలేదు.

"గది కావాలి," అంది.

గడియక్కకు నవ్వొచ్చింది. నీ జోలికి వచ్చే మొనగాడు ఎవడే అనుకుంటూనే, అడగాల్సిన మాట కాబట్టి అడిగింది. ఎవరి మీద అలక అని.

"ఈ గేటు దగ్గర ఉండే మనిషి మీద."

గడియక్క నవ్వు మొహం మీదే ఆగిపోయింది. చెల్లెలు ఆగలేదు. నడవ చివర, రోడ్డువైపు చిన్న కిటికీ ఉన్న గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. పద్ధతి ప్రకారం కావలి మనిషే దీపంలో నూనె పోయాలి. పోసింది. కొంత గూట్లో ఒలికింది. అవతలి నుంచి మీట కదిలిన చప్పుడైంది, వత్తి పూర్తిగా పైకి లేచి భగ్గున మండింది.

లోపలి నుంచి చెల్లెలు తాను చెప్పదల్చుకున్నది ఒక్కసారే చెప్పింది. తన ఆడపడుచు దిగువ ఊరికి వచ్చేయమని ఎప్పటినుంచో పిలుస్తోంది. జ్వరంలో ఉండగా ఆవిడే పడవెక్కి వచ్చి చూసి వెళ్ళింది. దీపం ఆరిపోయాక వెనక గుమ్మంలోంచి దిగి, పడవెక్కి, ఆవిడ దగ్గరికి వెళ్ళిపోతుంది. కొట్టు సామాను తర్వాత ఎవరో వచ్చి తెస్తారు.

గడియక్క బల్ల మీద కూలబడింది. ఆడపడుచుకు ఉన్నపాటి కాళ్ళు అక్కకు లేకపోయాయా అని చెల్లెలు అనలేదు. అనకపోయినా వినబడింది.

అయినా ఆమె ధైర్యం వదల్లేదు. ఎంతమంది అలకలు తీర్చిన బల్ల అది! అక్కడే కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. చిన్నప్పటి సంగతులు చెప్పింది. నాన్న ఇద్దరికీ కలిపి ఒకే గొడుగు కొంటే దాని కోసం కొట్టుకున్నది చెప్పింది. తప్పు నాదేనే అంది. మంచి కంచంలో భోజనం తెచ్చి తలుపు ముందు పెట్టింది. చెల్లెలు తలుపు ఓరగా తీసి కంచం తీసుకుంది, తిన్నాక కడిగి అక్కడే పెట్టింది, ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రానికి గడియక్క గొంతు పోయింది. వత్తి మాత్రం అంతెత్తునే మండుతోంది.

మర్నాటి పొద్దుటికి నూనె సగానికి పైగా దిగిపోయింది. గడియక్క చేయకూడని పని చేసింది. అటూ ఇటూ చూసి, కొంగు చాటున సీసా తెచ్చి దీపంలో నూనె పోయబోయింది. చుక్క పడ్డ చప్పుడు చెల్లెలు విన్నది.

"నూనె పోయకక్కా. అలా పోస్తూ పోతే నేనిందులోనే ముసలిదాన్నైపోతాను."

"మరి తలుపు తియ్యవే. నిన్నటినుంచీ బల్ల మీదే ఉన్నాను కదా. ఇంకా ఏం చెయ్యమంటావు?"

 కోపం లేకుండా, అలసిపోయిన గొంతుతో చెల్లెలు చెప్పింది. "నువ్వెప్పుడూ ఆ బల్ల మీదే ఉంటావక్కా. అందరి తలుపుల ముందూ కూర్చుంటావు. అందరికీ భోజనం పెడతావు. ఇక్కడే ఉండే మనిషి వచ్చినట్టు ఎలా అవుతుంది? నాకు జ్వరమొచ్చినప్పుడు కూరలవాడు వచ్చాడు, చాకలావిడ వచ్చింది. నువ్వు రాలేదు."

గడియక్క చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. గేటు దాటకూడదు కదా, నాన్న చెప్పాడు కదా అని ఏదో గొణిగింది.

"ఆ గుత్తి ఒక్క పూట పట్టుకునే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరా? వెతికావా ఎప్పుడైనా?"

వెతకలేదు. అదే నిజం. గేటు దగ్గరికి వచ్చేవాళ్ళతో ఎలా ఉండాలో ఆమెకు తెలుసు. ఒకరి ఇంటికి తాను వెళ్ళి, చేతిలో పనేమీ లేకుండా, జ్వరంతో ఉన్న మనిషి పక్కన ఊరికే కూర్చోవడం ఎలాగో తెలియదు. తెలియని పని నుంచి తప్పించుకోవడానికి ఆ తాళంచెవులు బాగా పనికొచ్చాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె రచ్చ మొత్తం గెలిచి ఇంటిని వదిలేసింది.

ఆ సంగతి అర్థం కాగానే ఏడుపు రావాలి గానీ, మనిషి స్వభావం విచిత్రమైనది, ఆమెకు ముందు రోషం వచ్చింది. విసవిసా గేటు దగ్గరికి నడిచి, నేనే ఎదురుగదిలో గడియ వేసుకుని దాని మీద అలుగుతాను, అప్పుడు తెలుస్తుంది అనుకుంది. అనుకున్నది పైకి కూడా అనేసింది, ఎందుకంటే గేటు దగ్గర వినేవాడు ఒకడున్నాడు.

ఆయన చివరి రాజు. వారానికోసారి మాసిన కోటు వేసుకుని, చేతికర్రతో వచ్చేవాడు. అదే నడవలో మొదటి గదిలో కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. ఎవరి మీద అలక అని అడిగితే సంఘం మీద అనేవాడు. తన పాత గడియారాన్ని గంటస్తంభానికి వాడుకుంటూ కీ సరిగ్గా ఇవ్వట్లేదట. సంఘం తరఫున బతిమాలడానికి ఎవరొస్తారు? గడియక్కే జాలిపడి, వెళ్ళిరండి రాజుగారూ అని ముందు గుమ్మంలోంచి పంపేసేది. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అన్న సామెత ఇప్పుడు చెల్లదు, రాజు తలుచుకుంటే అలక్కి మాత్రం కొదవ లేదు అని వెనక నుంచి నవ్వుకునేది.

ఎదురెదురు గదుల మాట వినగానే రాజుగారు కర్ర నేలకు ఆనించి నిలబడిపోయాడు. "మా అమ్మా నాన్నా కూడా అదే చేశారు," అన్నాడు. "ఆ మొదటి గదిలో ఆవిడ, ఎదురుగదిలో ఆయన. రాజ్యం మాత్రం చక్కగా నడిచింది, కొన్నాళ్ళు మమ్మల్ని ఎవరూ విసిగించలేదని మంత్రులు సంతోషించారు."

ఎవరు ముందు తలుపు తీశారని గడియక్క అడిగింది.

"ఎవరూ తియ్యలేదమ్మా. రెండు దీపాలూ ఆరిపోయాయి. అమ్మ వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. నాకప్పుడు ఆ బల్ల ఎక్కడానికి కూడా కాళ్ళు అందేవి కావు. ఆవిడ కూర్చున్న గదిలో వారానికోసారి కూర్చుందామని వస్తుంటాను. ఉత్తినే వస్తే నువ్వు గది ఇవ్వవు కదా, అందుకని ఏదో ఒక అలక చెప్తాను."

ఇన్నేళ్ళూ అందరి వత్తులూ చదివిన మనిషికి ఈయన వత్తి చదవాలని ఎన్నడూ తోచలేదు. గడియక్కకు సిగ్గేసింది. కానీ సిగ్గుపడుతూ కూర్చునే సమయం కాదు. నడవలో దీపం ఎంత దిగిందో ఆమెకు కళ్ళు మూసుకున్నా కనబడుతోంది. తాను వచ్చినట్టు అవ్వాలంటే ముందు గేటు దాటి చెల్లెలి ఇంటిదాకా వెళ్ళాలి, అక్కడినుంచి నడిచి రావాలి. నడుము నుంచి గుత్తి విప్పి, రెండు చేతులా ఆయన ముందు పట్టుకుంది.

"ఒక్క పూట కాపలా ఉంటారా? లోపల మా చెల్లెలు కాక ఇంకో ఇద్దరున్నారు. ఎవరొచ్చినా ఎవరి కోసమని అడగాలి, వాళ్ళే వచ్చారా ఎవరైనా పంపారా అని అడగాలి. పంపితే వచ్చినవాళ్ళని రానివ్వకూడదు."

రాజుగారు గుత్తి అందుకుని బరువు చూసుకున్నాడు. తాళాలు అప్పజెప్పడమే గానీ పుచ్చుకోవడం ఇదే మొదటిసారి అన్నాడు. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, కావలి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

గడియక్క గేటు దాటింది. దాటాక ఎటు తిరగాలో ఒక క్షణం తెలియలేదు. కుడివైపు పట్టాభిషేకం మేడ మెట్ల మీద ధాన్యం బస్తాలు దింపుతున్నారు. ఒకప్పుడు కిరీటం పెట్టిన వేదిక మీద కాటా ఉంది. ఎగువ వీధికి దారి అడిగితే, మార్కెట్టు మనిషి ఆమెను గుర్తుపట్టి నోరు వెళ్ళబెట్టాడు. గేటు లేకుండా ఆమెను చూడటం అతనికి అదే మొదలు. ఏడుపు మేడ మీదుగా వెళ్ళి, అక్కడి నుంచి మెట్లు ఎక్కాలని చెప్పాడు.

మెట్లు కొండను చీల్చుకుంటూ పైకి పోతున్నాయి. అరిగి నున్నబడ్డ రాళ్ళు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. సగం ఎక్కేసరికి గడియక్క గుండె దడదడలాడింది, మోకాళ్ళు మాట వినలేదు. మధ్యలో ఒక చపటా కనబడితే దాని మీద కూలబడి ఊపిరి తీసుకుంది. కింద ఏరు, ఏటి ఒడ్డున అగ్గిపెట్టంత అలక మేడ. చెల్లెలు మంగళవారం మంగళవారం ఈ మెట్లన్నీ దిగి వచ్చేది. వెళ్ళేటప్పుడు మళ్ళీ ఇవన్నీ ఎక్కేది. ఒక్కనాడైనా ఎలా వెళ్తావే అని తాను అడగలేదు. చెల్లెలు వస్తుంది, అంతే. పొద్దు పొడిచినట్టు దానంతట అదే జరిగే పని అనుకుంది.

కొట్టుకు తాళం వేసి ఉంది. పక్క కొట్టులో ఇస్త్రీ చేసే ముసలాయన ఆమెను ఎగాదిగా చూసి, అక్కగారా అని అడిగాడు. ఎలా తెలిసిందని అడిగితే, ముక్కు అదేనన్నాడు. చెల్లెలు తాళంచెవి తన దగ్గరే పెట్టి వెళ్ళిందని, సామాను కోసం ఎవరో వస్తారని చెప్పిందని, తలుపు తీసి చూపించాడు.

కుట్టుమిషను ముందు చెల్లెలి కుర్చీ, పక్కనే దిండు కుట్టి పరిచిన పొట్టి స్టూలు. ఆ దిండు గుడ్డ గడియక్కకు తెలుసు, తనకు కుట్టి తెచ్చిన రవికల్లో మిగిలిన ముక్కలే. స్టూలు మీద ఎవరినీ కూర్చోనివ్వదమ్మా, బేరానికొచ్చిన వాళ్ళు అలసిపోయి కూర్చోబోయినా లేపేసేది, అది మా అక్కది అనేది అని ముసలాయన చెప్పాడు. వెనక గదిలో మంచం అడ్డదిడ్డంగా ఉంది, తలవైపు గోడకు కాకుండా కిటికీకి ఆనించి ఉంది. అదేమిటని గడియక్క అడిగింది.

"జ్వరంలో నేనే లాగి పెట్టానమ్మా, ఆవిడే లాగించింది. అక్కడినుంచైతే మెట్లు కనబడతాయంది. జ్వరం దిగేదాకా అటే చూస్తూ పడుకునేది."

గడియక్క ఆ కిటికీ దగ్గర నిలబడి చూసింది. మెట్లన్నీ కనబడుతున్నాయి, చపటా కూడా కనబడుతోంది. అప్పుడు వచ్చింది ఏడుపు. ముసలాయన మర్యాద తెలిసినవాడు, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు చూసుకోవాలని బయటికి వెళ్ళిపోయాడు.

ఏడుస్తూ ఉంటే నూనె ఆగదు. కళ్ళు తుడుచుకుని, తాళం వేయించి, దిగడం మొదలుపెట్టింది. ఎక్కడం గుండెకు కష్టమైతే దిగడం మోకాళ్ళకు కష్టం. ఆ సంగతి కూడా చెల్లెలు ఎన్నడూ చెప్పలేదు. పెంచిన వత్తికి ఉన్న నూనె ఈపాటికి అయిపోవాలి. ఈ వృత్తిలో పుట్టి పెరిగిన మనిషి, ఆ లెక్క తప్పదు. తప్పాలని దారి పొడుగునా మొక్కుకుంటూ నడిచింది.

గేటు దగ్గర రాజుగారు లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరి కోసం వచ్చారు?"

"నేనండీ, నేనే," అంది గడియక్క ఆయాసపడుతూ.

"ఎవరైనా సరే అడగాలన్నావు కదమ్మా. ఎవరి కోసం వచ్చారు?"

"మా చెల్లెలి కోసం."

"మీరే వచ్చారా, ఎవరైనా పంపితే వచ్చారా?"

"నేనే వచ్చాను," అంది.  ఇదే ప్రశ్న ఎంతమందిని అడిగిందో, జవాబు చెప్పడం ఇంత కష్టమని ఎన్నడూ అనుకోలేదు. రాజుగారు తప్పుకుని దారి ఇచ్చాడు.

నడవ చివర గూట్లో చీకటి కనబడితే తన బతుకు అంతే అనుకుంటూ వెళ్ళింది. చీకటి లేదు. ఆవగింజంత వెలుగు ఉంది. దగ్గరికి వెళ్ళి చూసింది. నూనె అడుగంటి ఉంది, వత్తి మాత్రం ఇంక తగ్గించడానికి వీల్లేనంత కిందికి దించి ఉంది. రోడ్డువైపు కిటికీ ఉన్న గది కదా. అక్క గేటు దాటి వెళ్ళడం లోపలి మనిషి చూసే ఉంటుంది. చూసిన మరుక్షణం మీట తిప్పి ఉంటుంది.

గడియక్క బల్ల మీద కూర్చుంది. వచ్చాను అని చెప్తే చాలు అని ఎంతమందికో నేర్పిన మనిషికి ఆ ఒక్క మాటా నోటికి రాలేదు. వడ్రంగిలా నెత్తి గోక్కోవాలనిపించింది. చివరికి నోటికొచ్చింది అడిగేసింది.

"ఆ మెట్లు ఎలా ఎక్కేదానివే, ప్రతిసారీ?"

 చెల్లెలి గొంతు తలుపుకు బాగా దగ్గరగా వినిపించింది.

"మధ్యలో చపటా ఉంది కదా. అక్కడ కాసేపు కూర్చునేదాన్ని."

"నేనూ అక్కడే కూర్చున్నానే."

గడియ లేచింది. ఎన్నో వేలసార్లు విన్న చప్పుడే, కానీ ఆమె కోసం లేవడం ఇదే మొదలు. తలుపు తెరుచుకుంది. నిన్న పొద్దున మూట అందుకోబోయి సరిగ్గా చూడలేదు గానీ, చెల్లెలి బుగ్గలు లోపలికి పోయాయి, మెడ ఎముకలు తేలాయి, కొలతల టేపు ఆ మెడలో వదులుగా వేలాడుతోంది.

"చిక్కిపోయావే," అంది గడియక్క.

"ఇప్పుడు నయం. నువ్వు అప్పుడు చూడలేదు కదా." ఆ మాటలో అలక ఇంకా కొంచెం మిగిలే ఉంది. గడియక్క ఏమీ సర్దిచెప్పుకోలేదు. అవును, చూడలేదు అంది.

చెల్లెలు మూట తీసుకుంటూ, చూడనట్టుగా అడిగింది. "స్టూలు మీద కూర్చున్నావా?"

"లేదు. నువ్వక్కడ లేకుండా ఎలా కూర్చుంటాను?"

ఇద్దరూ ముందు గుమ్మం దగ్గరికి వచ్చారు. అలవాటు కొద్దీ గడియక్క గుత్తి కోసం చెయ్యి చాపింది. రాజుగారు ఇవ్వలేదు. లోపల ఇంకా ఇద్దరున్నారని, వాళ్ళు తేలేదాకా కావలి మనిషి కదలకూడదని ఆమె మాటే ఆమెకు అప్పజెప్పాడు. ఆ వెనకే వడ్రంగి నెత్తి గోక్కుంటూ గేటు వైపు వస్తున్నాడు. రాజుగారు వాణ్ణి చూసి కోటు సర్దుకున్నాడు.

అక్కచెల్లెళ్ళు మార్కెట్టు దాటి మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఒకరికి జ్వరం నీరసం, ఒకరికి మోకాళ్ళు. మూట గడియక్క చంకలో ఉంది, ఈసారి చెల్లెలు అడగకుండానే ఇచ్చింది. చపటా దగ్గరికి రాగానే, ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండా, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.